ఐదు రోజులు దాటిన జ్వరం, ఏ పరీక్షలోనూ తేలని కారణం: పసిపిల్లల్లో కవాసాకి వ్యాధిని ఎలా నిర్ధారిస్తారు?

పెన్నేటిగట్టు (మారతహళ్లి, బెంగళూరు)
మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా చెల్లెలి కొడుకుకు రెండేళ్లు నిండాయి, బరువు 12 కిలోలు. పోయిన బుధవారం జ్వరం మొదలైంది. మొదట చూపించిన క్లినిక్‌లో వైరల్ జ్వరమన్నారు. తగ్గకపోవడంతో మరో చోటికి తీసుకువెళ్తే, మూత్రంలో చీము కణాలు ఎక్కువగా ఉన్నాయి కనుక మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్ అయి ఉంటుందని యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. డెంగ్యూ పరీక్ష నెగటివ్ వచ్చింది, మూత్రం కల్చర్‌లో క్రిములేవీ పెరగలేదు, జ్వరం మాత్రం మందు వేసినప్పుడు కాస్త దిగి మళ్లీ 103కు ఎక్కుతూనే ఉంది.

శుక్ర, శనివారాల్లో బాబు కళ్లు ఎర్రబడ్డాయి, ఆదివారానికి వాటంతట అవే తేటపడ్డాయి. ఒక సాయంత్రం వీపు మీద, గజ్జల్లో దద్దుర్లు లేచి మరునాటికి అణిగిపోయాయి. పెదవులు మాత్రం ఇప్పటికీ పగిలి రక్తం వస్తోంది. హిందూపురం నుంచి వచ్చిన మా చెల్లెలి అత్తగారు వేడి చేసిందని సబ్జా నీళ్లు పట్టిస్తున్నారు. ఈ రోజు చేర్చిన ఆసుపత్రిలో ఇది కవాసాకి వ్యాధి అయి ఉండవచ్చని, అందులోనూ అసంపూర్ణ రూపమని, మిగిలిన రక్తపరీక్షలు చూసుకుని రేపు ఇమ్యునోగ్లోబ్యులిన్ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) ఎక్కిస్తామని చెప్పారు. ఎకో (గుండె స్కాన్) తీశారు, అందులో లోపమేమీ లేదన్నారు.

మా మరిది అడుగుతున్నది ఒక్కటే: ఏ పరీక్షా పాజిటివ్ కానప్పుడు, గుండె కూడా బాగానే ఉందన్నప్పుడు, ఇంత ఖరీదైన మందు దేని ఆధారంగా ఇస్తారు? మందు ఇవ్వాలా వద్దా అని ఇక్కడ తేల్చమని అడగడం లేదు. ఈ జబ్బును గుర్తించే పద్ధతి ఏమిటో తెలిస్తే రేపు ఉదయం వైద్యులతో మాట్లాడేటప్పుడు మాకు కొంత స్పష్టత ఉంటుంది.

---

నిర్వాహకుడు
మంగళవారం, రాత్రి 9:55

చర్చ వ్యాధి నిర్ధారణకే పరిమితం కావాలని మనవి. ఆసుపత్రుల, వైద్యుల పేర్లు రాయవద్దు. బిడ్డ ముఖం కనిపించే ఫొటోలు పెట్టవద్దు.

---

పసిపిల్లల వైద్యురాలు (జయనగర, బెంగళూరు)
మంగళవారం, రాత్రి 10:30

బాబును నేను చూడలేదు కనుక చికిత్స గురించి తీర్పు చెప్పను. నిర్ధారణ ఏ లెక్కన జరుగుతుందో మాత్రం వివరిస్తాను.

మీ మరిది గారి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలంటే, ఈ వ్యాధి ఉందనో లేదనో తేల్చి చెప్పే పరీక్ష ఇంతవరకూ లేదు. జపాన్‌కు చెందిన పిల్లల వైద్యుడు తొమిసాకు కవాసాకి 1961లో మొదటి రోగిని చూసి, ఆ తరువాత అలాంటి 50 మంది పిల్లల వివరాలను 1967లో ప్రచురించారు. ఆయన అప్పుడు చేసినదే ఇవాళ్టికీ మాకు మూలం: బిడ్డను బట్టలు విప్పి తల నుంచి కాలి వేళ్ల దాకా చూడటం, జ్వరం రోజులు లెక్కపెట్టడం, ఇలాగే కనిపించే ఇతర జబ్బులను ఒక్కొక్కటిగా పక్కన పెట్టడం. ఇది మధ్యస్థ ధమనుల గోడలు వాచే జబ్బు. ముఖ్యంగా గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనులను పట్టుకుంటుంది. కారణం ఏమిటో తెలియదు, ఒకరి నుంచి మరొకరికి అంటుకునేది కాదు, వచ్చేవారిలో అత్యధికులు ఐదేళ్ల లోపు పిల్లలే.

ఐదు రోజులు లేదా అంతకు మించిన జ్వరంతో పాటు ఈ ఐదింటిలో కనీసం నాలుగు ఉంటే దానిని పూర్తి రూపం అంటాం. రెండు కళ్లలోనూ తెల్లగుడ్డు ఎర్రబడుతుంది కానీ పుసి కట్టదు, నల్లగుడ్డు చుట్టూ సన్నని తెల్లని అంచు మిగిలి ఉంటుంది. పెదవులు ఎర్రబడి పగులుతాయి, నాలుక మీద ఎర్రని బుడిపెలు తేలతాయి. ఒంటి మీద దద్దుర్లు వస్తాయి, వాటికి ఒక స్థిరమైన రూపం ఉండదు, గజ్జల్లో ముందుగా, ఎక్కువగా కనిపించవచ్చు. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి ఉబ్బుతాయి. మెడలో సాధారణంగా ఒకే పక్కన, ఒకటిన్నర సెంటీమీటర్లకు తగ్గని బిళ్ళ కడుతుంది.

చిక్కంతా ఇవి ఐదూ ఒకే రోజున కనిపించకపోవడంలో ఉంది. శుక్రవారం ఎర్రబడిన కళ్లు ఆదివారానికి తేటపడవచ్చు, దద్దుర్లు ఒక్క రాత్రితో పోవచ్చు. మంగళవారం కొత్తగా చూసే వైద్యుడికి పగిలిన పెదవులు తప్ప ఏమీ కనిపించవు. ఇప్పుడు కనిపించకపోయినా, జ్వరం మొదలైనప్పటి నుంచి వచ్చి వెళ్లిన ప్రతి లక్షణమూ లెక్కలోకి వస్తుంది. అందుకే నేను తల్లిని అడిగే మొదటి ప్రశ్న "ఇప్పుడు ఎలా ఉంది?" కాదు, "ఏ రోజు ఏం చూశారు?" అన్నదే. మీరు చెప్పినదాని ప్రకారం మీ బాబుకు కళ్లు, దద్దుర్లు, పెదవులు కలిపి మూడు లక్షణాలు ఉన్నాయి. రెండు లేదా మూడు లక్షణాలు ఉండి, జ్వరం ఐదు రోజులు దాటితే అసంపూర్ణ రూపం అయి ఉండవచ్చా అని ఆలోచించాలి. అసంపూర్ణం అన్నమాటను తేలికపాటి జబ్బు అని అర్థం చేసుకోవద్దు, ధమనులకు ప్రమాదం అందులోనూ అంతే ఉంటుంది.

ఇంకొక్కటి చూడండి. మన దేశంలో పుట్టగానే ఎడమ భుజం మీద బీసీజీ టీకా వేస్తాం. ఆ మచ్చ చుట్టూ కొత్తగా ఎర్రబడి గట్టిపడితే, ముఖ్యంగా పసికందుల్లో, అది ఈ వ్యాధిని గట్టిగా సూచిస్తుంది. ఐదు లక్షణాల జాబితాలో దానికి చోటు లేదు కనుక చొక్కా విప్పి చూసే అలవాటు చాలామందికి ఉండదు.

---

బెళ్లందూరు అమ్మ
మంగళవారం, రాత్రి 11:10

మా అమ్మాయికి మూడేళ్లప్పుడు ఇదే జబ్బు వచ్చింది. మొదట కనిపించింది మెడలో బిళ్ళ, తల తిప్పనిచ్చేది కాదు. అది చీముగడ్డ అని భావించి ఒక ఆసుపత్రిలో శస్త్రవైద్యునికి చూపించి, కోయాలా వద్దా అన్న చర్చ దాకా వెళ్లారు. స్కాన్‌లో చీము కనిపించలేదు కనుక ఆగారు. ఆ తరువాత కళ్లు ఎర్రబడ్డాయి, మేము దానిని ఏడుపు వల్ల అనుకున్నాం, ఎందుకంటే ఎత్తుకున్నా దించినా ఆపకుండా ఏడ్చేది. జ్వరం తనంతట తానే తగ్గింది, ఇంటికి పంపించారు.

తరువాతి వారం స్నానం చేయిస్తుంటే బొటనవేలి గోరు మొదట్లో చర్మం పొర లేచింది. పట్టుకుంటే వేలి చివర అంతా తొడుగులా ఊడి వచ్చింది, కింద చర్మం గులాబీ రంగులో నున్నగా ఉంది, పాపకు నొప్పి లేదు. అది చూసిన మా వీధి చివరి డాక్టరు గారు వెంటనే ఎకో తీయించుకోమన్నారు. కుడి ధమనిలో చిన్న ఉబ్బు కనిపించింది. ఏడాది తరువాత అది సాధారణ పరిమాణానికి వచ్చింది, ఇప్పటికీ ఏటా చూపిస్తున్నాం.

మాకు ప్రతి చోటా కొత్త వైద్యుడే, ప్రతి చోటా కథ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది, ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చేరింది. పెన్నేటిగట్టు గారూ, మీ ఫోన్‌లో ఆ శుక్ర, శనివారాల ఫొటోలు ఉంటే తేదీతో సహా రేపు వైద్యులకు చూపించండి.

---

తిరువాన్మియూర్ తాతగారు (చెన్నై)
బుధవారం, ఉదయం 6:20

మా కాలంలో ఎర్రని కళ్లు, దద్దుర్లు, జ్వరం కలిసి వస్తే తట్టు అనేవారు, అమ్మవారు పోసిందని వేపాకు కట్టి ఊరుకునేవారు. తట్టుకూ దీనికీ తేడా ఏమిటో డాక్టరు గారు చెబితే నాలాంటి పెద్దవాళ్లకు ఉపయోగంగా ఉంటుంది.

---

పసిపిల్లల వైద్యురాలు
బుధవారం, ఉదయం 7:05

మంచి ప్రశ్న, తాతగారూ. తట్టులో దగ్గు, ముక్కు కారడం తప్పనిసరిగా కనిపిస్తాయి, కళ్ల నుంచి నీరూ పుసీ కారతాయి, దద్దుర్లు చెవుల వెనుక, ముఖం మీద మొదలై కిందికి దిగుతాయి, తగ్గేటప్పుడు గోధుమరంగు మచ్చ వదులుతాయి. బుగ్గల లోపల ఉప్పురవ్వల వంటి తెల్లని చుక్కలు వస్తాయి. టీకాలు పూర్తయిన బిడ్డలో తట్టు అవకాశం బాగా తక్కువ.

మన రెండు నగరాల్లోనూ ఇంకా కొన్నింటిని తప్పకుండా ఆలోచించాలి. వానల కాలంలో ఏ జ్వరమైనా డెంగ్యూ అనుకోవడం సహజమే. డెంగ్యూలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంత ఉందో చెప్పే రక్తపరీక్ష) సాధారణంగా అంతగా పెరగదు. కవాసాకిలో సీఆర్‌పీ మొదటి నుంచే ఎక్కువగా ఉంటుంది, ప్లేట్‌లెట్లు రెండో వారంలో పైకి ఎక్కుతాయి. అరుదుగా రక్తపోటు పడిపోయి షాక్‌లోకి వెళ్లే కవాసాకి పిల్లల్లో ప్లేట్‌లెట్లు తగ్గవచ్చు, అప్పుడు అనుభవజ్ఞులు కూడా తడబడతారు. తమిళనాడు పల్లెలకు వెళ్లి వచ్చిన పిల్లల్లో స్క్రబ్ టైఫస్ (నల్లి జాతి చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం) ఉందేమో చూడాలి, దానికి చంకల్లో, గజ్జల్లో, చెవి వెనుక నల్లని పెచ్చు కట్టిన పుండు కోసం వెదకాలి. అడినోవైరస్ కళ్లనూ గొంతునూ ఎర్రగా చేస్తుంది, కానీ కంట్లో పుసి, గొంతులో తెల్లపొర ఉంటాయి. స్కార్లెట్ జ్వరంలో నాలుక అచ్చం ఇలాగే ఉంటుంది, అయితే కళ్లు ఎర్రబడవు, పెన్సిలిన్ పడితే ఒకటి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. 2020 తరువాత కోవిడ్ సోకిన కొన్ని వారాలకు వచ్చే బహుళ అవయవాల వాపు కూడా ఈ జాబితాలో చేరింది. అది తరచుగా కాస్త పెద్ద పిల్లల్లో, కడుపునొప్పి, వాంతులు, గుండె బలహీనతతో వస్తుంది.

---

నమూనాల గది (అన్నానగర్, చెన్నై)
బుధవారం, ఉదయం 8:15

నేను రోగనిర్ధారణ ప్రయోగశాలలో పనిచేస్తాను. పెన్నేటిగట్టు గారు రాసిన మూత్రం సంగతి గురించి ఒక మాట. కవాసాకిలో మూత్రనాళపు గోడ కూడా వాస్తుంది కనుక మూత్రంలో తెల్లకణాలు కనిపిస్తాయి, కానీ క్రిములు ఉండవు, కల్చర్ ఖాళీగా వస్తుంది. రిపోర్టులో చీము కణాలు అన్నమాట చూడగానే ఇన్‌ఫెక్షన్ అన్న తీర్పుకు వచ్చేస్తారు. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఆ కణాలు తరచుగా మూత్రమార్గం చివరి భాగం నుంచే వస్తాయి కనుక, గొట్టం వేసి మూత్రాశయం నుంచి తీసిన నమూనాలో అవి కనిపించకపోవచ్చు. మామూలుగా పట్టిన మూత్రంలో కణాలున్నాయి, గొట్టంతో తీసినదానిలో లేవు అంటే రెండింటిలో ఒకటి తప్పని అనుకోనక్కరలేదు.

సీఆర్‌పీ విషయంలో కొలమానం చూసుకోండి. ఈ వ్యాధిని అనుమానించడానికి అంతర్జాతీయ మార్గదర్శకాలు పెట్టిన హద్దు 3 అనేది డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో. మన ప్రయోగశాలలు ఎక్కువగా లీటరుకు ఇస్తాయి, అంటే అదే 30 అవుతుంది. అంతర్జాలంలో చదివి తమ బిడ్డకు హద్దుకు పదింతలు ఉందని హడలిపోయిన తండ్రులను చూశాను.

---

వైట్‌ఫీల్డ్ వాసి (బెంగళూరు)
బుధవారం, ఉదయం 9:00

అందరినీ నొప్పించే ఉద్దేశం లేదు గానీ, రెండు మూడు లక్షణాలుంటే చాలనడం నాకు రుచించడం లేదు. ఏ వైరల్ జ్వరంలోనైనా పెదవులు పగలవచ్చు, దద్దుర్లు రావచ్చు. ఈ లెక్కన ప్రతి మూడో బిడ్డకూ కవాసాకి అని ముద్ర వేయవచ్చు. ఇమ్యునోగ్లోబ్యులిన్ వేలాది దాతల ప్లాస్మా నుంచి తీసేది, తలనొప్పి, వణుకు, అలెర్జీ వంటి ఇబ్బందులు దానికీ ఉన్నాయి. అనుమానం మీద ఎక్కించవచ్చా?

---

పసిపిల్లల వైద్యురాలు
బుధవారం, మధ్యాహ్నం 1:40

మీ అభ్యంతరంలో పస ఉంది. అందుకే లక్షణాలు మాత్రమే చూసి మందు ఎక్కించరు, అసంపూర్ణ రూపానికి మరో మెట్టు ఉంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలనే ఇక్కడ కూడా చాలామంది అనుసరిస్తారు. మొదట సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ (వాపును సూచించే మరో రక్తపరీక్ష) చూస్తారు. సీఆర్‌పీ లీటరుకు 30 కన్నా, ఈఎస్‌ఆర్ 40 కన్నా తక్కువగా ఉంటే మందు ఇవ్వరు, జ్వరం కొనసాగితే మళ్లీ పరీక్షిస్తారు, వేళ్ల చివర పొట్టు ఊడితే ఎకో తీస్తారు. వాటిలో ఏదైనా ఆ హద్దును చేరితే తరువాతి మెట్టుకు వెళ్తారు: వయసుకు తగ్గ హిమోగ్లోబిన్ లేకపోవడం, ఏడో రోజు తరువాత ప్లేట్‌లెట్లు నాలుగున్నర లక్షలు దాటడం, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ డెసిలీటరుకు 3 గ్రాములు లేదా అంతకన్నా తగ్గడం, కాలేయపు ఎంజైమ్ ఏఎల్‌టీ పెరగడం, రక్తంలో తెల్లకణాలు 15,000 లేదా అంతకు పైన ఉండటం, మూత్రంలో తెల్లకణాలు ఉండటం. ఈ ఆరింటిలో మూడు కలిసినా, లేదా ఎకోలో ధమనుల మార్పు స్పష్టంగా ఉన్నా, చికిత్స మొదలుపెడతారు. మామూలు వైరల్ జ్వరం ఈ వడపోతను దాటి రావడం కష్టం.

ఇక రెండో పక్క తూకం. చికిత్స లేకపోతే దాదాపు నలుగురిలో ఒకరికి కరోనరీ ధమనుల్లో ఉబ్బులు వస్తాయి. మొదటి 10 రోజుల్లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ అందితే అది సుమారు నూటికి నలుగురికి దిగుతుంది. వేళ్ల పొట్టు ఊడే లక్షణం రెండో, మూడో వారంలో గానీ రాదు, దాని కోసం కాచుకుని కూర్చుంటే పది రోజుల గడువు దాటిపోతుంది. అలర్జీ వంటి ఇబ్బందులను ఆసుపత్రిలో పక్కనే ఉండి చూసుకోవచ్చు, ఉబ్బిన ధమనిని వెనక్కి తీసుకురావడం మన చేతుల్లో ఉండదు.

ఆరు నెలల లోపు పసికందుల సంగతి ఇంకా కఠినం. వాళ్లలో లక్షణాలు అతి తక్కువ, ధమనుల ప్రమాదం అతి ఎక్కువ. అందుకే ఏ కారణమూ తెలియకుండా ఏడు రోజులు జ్వరం ఉన్న పసికందుకు, ఒక్క లక్షణం లేకపోయినా, ఈ పరీక్షలు చేసి, అవి అసాధారణంగా ఉంటే ఎకో తీయాలి.

---

ఎకో గది (చెన్నై)
బుధవారం, సాయంత్రం 4:25

పిల్లల గుండె ఎకోలు తీయడం నా వృత్తి. మొదటి వారంలో ఎకో బాగుందంటే ఆ రోజుకు ధమనులు ఉబ్బలేదని మాత్రమే అర్థం. ఉబ్బు తరచుగా ఆ తరువాతే తయారవుతుంది. కనుక ఎకో బాగుండటం వల్ల వ్యాధి లేదని తేలదు. అది బాగున్నప్పుడే మందు పడటం ఆ బిడ్డకు మేలు.

కొలత గురించి కూడా చెప్పాలి. రెండున్నర మిల్లీమీటర్ల ధమని ఆరేళ్ల బిడ్డలో మామూలే కావచ్చు, ఆరు నెలల బిడ్డలో కాదు. అందుకే ఎత్తు, బరువుల ఆధారంగా, ఆ పరిమాణపు పిల్లల సగటుకు ధమని ఎంత దూరంలో ఉందో లెక్కించే జడ్ స్కోరును చూస్తారు. అది 2.5 చేరితే చిన్న ఉబ్బు, 5 చేరితే మధ్యస్థం, 10 చేరితే లేదా ధమని 8 మిల్లీమీటర్లకు వస్తే అతి పెద్దది. రిపోర్టులో కరోనరీలు బాగున్నాయి అన్న ఒక్క వాక్యమే ఉంటే, ఏ ధమని ఎన్ని మిల్లీమీటర్లు, జడ్ స్కోరు ఎంత అని అడిగి రాయించుకోండి, లేకపోతే తరువాతి ఎకోను దేనితోనూ పోల్చలేరు. బిడ్డ ఏడుస్తూ కాళ్లు విసురుతుంటే ఆ సన్నని గొట్టాలు పొరపాటున కూడా సరిగా కనిపించవు. పాలు పట్టి, నిద్రపుచ్చి, అవసరమైతే తేలికపాటి మత్తు ఇచ్చి తీయించడం మంచిది.

---

పెన్నేటిగట్టు
బుధవారం, రాత్రి 8:50

అందరికీ కృతజ్ఞతలు. ఉదయం వచ్చిన ఫలితాలు: సీఆర్‌పీ లీటరుకు 96, ఈఎస్‌ఆర్ 70, హిమోగ్లోబిన్ 9.4, ఆల్బుమిన్ 2.9, తెల్లకణాలు 17,400, ప్లేట్‌లెట్లు 4.1 లక్షలు. ఫోన్‌లో శనివారం తీసిన వీడియోలో కళ్ల ఎరుపు స్పష్టంగా ఉంది, వైద్యులు దానిని రెండుసార్లు వేసి చూశారు. భుజం మీద మచ్చ మామూలుగానే ఉంది. లెక్క అంతా మా మరిది దగ్గర కూర్చుని రాసుకున్నారు, మూత్రంతో కలిపి నాలుగు అంశాలు కలిశాయని ఆయనే చెప్పారు, సంతకం పెట్టారు. కిలోకు రెండు గ్రాముల చొప్పున 24 గ్రాములు మధ్యాహ్నం మొదలైంది, రాత్రి దాకా ఎక్కుతుందన్నారు. ఆస్పిరిన్ కూడా మొదలుపెట్టారు. వచ్చే నెల చికెన్‌పాక్స్ రెండో మోతాదు వేయించాల్సి ఉంది. వేయించవచ్చా?

---

హొరమావు నాన్న (బెంగళూరు)
బుధవారం, రాత్రి 9:15

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించాలి. మా ఐదేళ్ల అబ్బాయికి కాళ్ల మీద, పిరుదుల మీద చేతికి తగిలే ఎర్రని మచ్చలు వచ్చాయి, కడుపునొప్పి, మోకాళ్ల వాపు ఉన్నాయి. ప్లేట్‌లెట్లు సరిగానే ఉన్నాయి. రక్తనాళాల వాపు అన్నారు. ఇదీ అదేనా?

---

పసిపిల్లల వైద్యురాలు
బుధవారం, రాత్రి 10:05

హొరమావు నాన్న గారూ, మీరు చెప్పినది కవాసాకి కాదు, హెనాక్-షోన్లైన్ పర్పురా లాగా ఉంది. ఇప్పుడు దానిని ఐజీఏ వాస్క్యులైటిస్ అంటున్నారు. అది సన్నని రక్తనాళాలది, గుండె కంటే మూత్రపిండాలను గమనించుకోవాలి. మచ్చలు పోయినా సుమారు ఆరు నెలల పాటు మూత్రంలో రక్తం, ప్రోటీన్ పోతున్నాయేమో, రక్తపోటు ఎలా ఉందో చూపించుకుంటూ ఉండండి. కడుపునొప్పి తీవ్రమైనా, మలంలో రక్తం పడినా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మిగతాది వేరే చర్చగా మొదలుపెడితే రాస్తాను.

పెన్నేటిగట్టు గారూ, చికెన్‌పాక్స్, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) వంటి బలహీనపరచిన సజీవ క్రిముల టీకాలను ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చిన తరువాత 11 నెలలు ఆపాలి, ఎక్కించిన యాంటీబాడీలు టీకాను పనిచేయనివ్వవు. మిగతా టీకాలకు ఈ ఆటంకం లేదు. ఆస్పిరిన్ వాడుతుండగా చికెన్‌పాక్స్ గానీ ఫ్లూ గానీ సోకితే మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే రే సిండ్రోమ్ అనే అరుదైన ప్రమాదం ఉంది కనుక, అలాంటి బిడ్డ దగ్గరికి వెళ్లినట్లు తెలిస్తే వెంటనే వైద్యులకు చెప్పండి, ఫ్లూ టీకా గురించి అడగండి. జ్వరానికి ఐబుప్రొఫెన్ వేయవద్దు, అది ఆస్పిరిన్ పనిని అడ్డుకుంటుంది. మందు ఎక్కడం పూర్తయి 36 గంటలు గడిచాక కూడా జ్వరం ఉంటే, లేదా దిగిన జ్వరం తిరిగి వస్తే, మొదటి మోతాదు చాలలేదని అర్థం. పదిమందిలో ఒకరిద్దరికి అలా జరుగుతుంది, దానికి రెండో వరుస మందులు ఉన్నాయి. ఇంటికి వచ్చాక కూడా పూటపూటా ఉష్ణోగ్రత రాసి పెట్టండి. చికిత్స అయిన ఒకటి రెండు వారాల్లో ఒకసారి, నాలుగు నుంచి ఆరు వారాల మధ్య మరోసారి ఎకో తీస్తారు. అన్నీ బాగుంటే తక్కువ మోతాదు ఆస్పిరిన్‌ను ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఆపేస్తారు.

---

నమూనాల గది
గురువారం, ఉదయం 7:30

ఒక్కటి చేరుస్తాను. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించిన తరువాత ఆ ప్రోటీన్ వల్లనే ఈఎస్‌ఆర్ పెరుగుతుంది. వచ్చే వారం రిపోర్టులో 70 కాస్తా 100 అయినా జబ్బు ముదిరిందని కంగారు పడవద్దు, ఆ దశలో సీఆర్‌పీ దిగుతోందా లేదా అన్నదే చూడాలి. ప్లేట్‌లెట్లు ఏడెనిమిది లక్షలకు ఎక్కినా ఆశ్చర్యం లేదు, రెండో మూడో వారంలో అవి అలాగే పెరిగి తరువాత మెల్లగా దిగుతాయి.